కనుమ నాడు రిటర్న్ టికెట్ తీశాను

నిన్న ఉదయం, అంటే 2025 జనవరి 18న, పదిన్నరకి హైదరాబాద్‌లో ఇంటి తాళం తీశాం. బ్యాగులు ఇంకా హాల్లోనే పడున్నాయి. వాటిలో ఏదో ఒక దాంట్లోంచి అరిసెల నెయ్యి కారుతోంది, ఏ బ్యాగో తెలియడం లేదు. అన్నీ మర్చిపోకముందే రాసేస్తున్నాను. పండక్కి పెద్దవాళ్లని తీసుకుని కోనసీమ వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుంది.

అమ్మ పుట్టిల్లు అంబాజీపేట దగ్గర ఒక చిన్న ఊరు. అమ్మకి 72 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆరేళ్ల కిందట మావయ్య కూతురి పెళ్లికి వెళ్లడమే, మళ్లీ వెళ్లలేదు. 2024 ఆగస్టులో ఒకరోజు మావయ్యతో ఫోన్ మాట్లాడి పెట్టేశాక, "వాడి గొంతు ముసలిదైపోయిందే" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఈ సంక్రాంతికి వెళ్దామని నేనే అన్నాను.

అప్పటికింకా రైలు టికెట్లు 120 రోజుల ముందు ఇచ్చేవారు. జనవరి 10 రాత్రి బండికి సెప్టెంబరు 12 ఉదయం ఎనిమిదింటికి బుకింగ్. నేనూ మా ఆయనా రెండు ఫోన్లు పట్టుకుని ఏడున్నర నుంచే కూర్చున్నాం. ఆయన ఫోన్‌లో ఓటీపీ వచ్చేసరికి వెయిటింగ్ లిస్టు మొదలైపోయింది. నా ఫోన్‌లో ఐదుగురిలో ముగ్గురికి బెర్తులు, ఇద్దరికి ఆర్ఏసీ. మా చిన్నదానికి ఎనిమిదేళ్లే అయినా బెర్తు కావాలంటే పూర్తి టికెట్టే. పెద్దవాళ్లకిచ్చే రాయితీ 2020లోనే తీసేశారు కాబట్టి అమ్మకీ పూర్తి టికెట్టే. థర్డ్ ఏసీలో మనిషికి దాదాపు 900 పడింది.

నాకు తెలియని సంగతి ఒకటుంది. అందరం కలిసి వెళ్తున్నాం కదా అని ఐదుగురికీ ఒకే టికెట్ తీశాను. పెద్దవాళ్లకి లోయర్ బెర్తు కోటా వర్తించాలంటే ఆ టికెట్ మీద ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలట. అమ్మకి అప్పర్ బెర్తు వచ్చింది. అమ్మ టికెట్ విడిగా తీసుండాల్సింది.

తిరుగు టికెట్ జనవరి 15 రాత్రికి. అది సెప్టెంబరు 17న తీశాను. ఆ రోజు వినాయక నిమజ్జనం. కింద వీధిలో డీజే మోత, పైన నేను ఫోన్‌తో కుస్తీ. ఈసారి ఐదూ కన్ఫర్మ్! ఎగిరి గంతేసినంత పని చేసి అమ్మకి చెప్పాను. "పదిహేనా?" అంది. "అవునమ్మా, పదహారున ఈయనకి ఆఫీసు. ఈ టికెట్లు దొరకడమే గొప్ప" అన్నాను. "సరేలే" అంది. ఆ పదిహేనో తారీఖు కనుమ అని నేను చూసుకోలేదు. అమ్మ మాత్రం అప్పుడే చూసుకుంది.

10వ తేదీ రాత్రి స్టేషన్‌లో అడుగు పెట్టడానికి చోటు లేదు. ఆర్ఏసీ రెండూ చార్టులో బెర్తులయ్యాయి. అమ్మని చూసి ఎదుటి సీటు కుర్రాడు, అడక్కుండానే, తన లోయర్ బెర్తు ఇచ్చి పైకెక్కేశాడు. భీమవరం అబ్బాయట. రెండు పూతరేకులు చేతిలో పెడదామంటే వాటికోసమేగా వెళ్తున్నది, మన దగ్గరేమున్నాయి! చపాతీలు పెట్టాను.

కొవ్వూరు రాకముందే అమ్మ లేచి కూర్చుంది. గోదావరిలో వెయ్యడానికని కొంగు చివర రూపాయి బిళ్ల ముడేసుకుని తెచ్చుకుంది. ఏసీ పెట్టె అద్దాలు తెరుచుకోవని తనకి గుర్తులేదు, నాకు తోచలేదు. తలుపు దాకా నడిపిద్దామంటే దారంతా సామాన్లు. బయట చీకటి, పొగమంచు, నది కనిపించనే లేదు. వంతెన మీద చప్పుడు మారడం వల్లే గోదావరి దాటుతున్నామని తెలిసింది. అమ్మ అద్దానికి చెయ్యి ఆనించి కూర్చుంది. బిళ్ల ముడిలోనే ఉండిపోయింది.

రాజమండ్రిలో దిగేసరికి ఐదు నలభై. అమలాపురానికి రైలు లేదు, కోటిపల్లి–నర్సాపురం లైను ఇంకా కడుతూనే ఉన్నారు. బస్సెక్కితే చవకే. కానీ అమ్మ మోకాళ్లతో, ఆరు బ్యాగులతో అయ్యే పని కాదు. మామూలు రోజుల్లో పద్దెనిమిది వందలకి వచ్చే కారుకి పండగని చెప్పి 2,800 అన్నాడు. బేరం ఆడాను, ఒక్క రూపాయి తగ్గలేదు. వేమగిరి, కడియపులంక మీదుగా మంచులో మెల్లగా వెళ్లాం. రోడ్డు పక్క నర్సరీల్లో బంతిపూలు తప్ప ఏమీ ఆనలేదు. జొన్నాడ వంతెన మీద డ్రైవరు తనంతట తానే స్పీడు తగ్గించి, "అమ్మగారూ, గౌతమి గోదారండి" అన్నాడు. అమ్మ అద్దం దించి, ముడి విప్పి, బిళ్ల విసిరింది. రెయిలింగ్‌కి తగిలి లోపలే పడిందని మా పెద్దోడు అనబోతే గిల్లాను.

మావయ్య వీధి చివరికే ఎదురొచ్చాడు. ఆయన వయసు 66. "అక్కా" అన్నాడు, అంతే. అమ్మ ఆయన చొక్కా బొత్తాం ఒకటి ఊడి ఉంటే దాన్ని పట్టుకుని చూస్తూ నిలబడింది. అత్తయ్యే వచ్చి, "లోపలికి రండి వదినగారూ, మంచులో నిలబడ్డారేంటండీ" అని ఇద్దర్నీ కదిలించింది.

ఇక చెప్పాల్సింది బాత్రూమ్ సంగతి. మొహమాటపడి ఎవరూ రాయరు కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో ప్రయాణంలో అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఇదే. మావయ్య ఇంట్లో ఉన్నది కింద కూర్చునేది. నేను నాలుగు నెలలు టికెట్లూ బట్టలూ స్వీట్లూ ఆలోచించాను కానీ దీని గురించి ఒక్క ఫోన్ చెయ్యలేదు. రాజమండ్రి నుంచి కార్లో వస్తుంటే గుర్తొచ్చి గుండె గుభేలుమంది. తీరా చూస్తే మావయ్య ముందే ఆలోచించి పెట్టాడు. కొత్త ప్లాస్టిక్ కుర్చీ కొని, మధ్యలో గుండ్రంగా కోసి, కోసిన అంచు గుచ్చుకోకుండా సైకిల్ ట్యూబు చుట్టి, గట్టిగా ఉండాలని కాళ్లకి అడ్డంగా వెదురుబద్దలు కట్టించాడు. గోడకి పట్టుకోడానికి ఒక పైపు కూడా బిగించాడు. "ఆయ్, మీ అమ్మ నాకు నడక నేర్పింది, ఇదెంత" అన్నాడు. మందుల షాపుల్లో ఇలాంటి కుర్చీలు దొరుకుతాయి. అమలాపురంలో అడిగితే రెండు వేల లోపే చెప్పారు. మీ మావయ్య ఇంత పనిమంతుడు కాకపోతే ఒకటి కొని పంపించుకోండి.

12వ తేదీ ఆదివారం చుట్టరికాలు. మధ్యాహ్నం లోపు ఆరిళ్లు, సాయంత్రం మూడు. ప్రతి ఇంట్లోనూ కుర్చీ, మంచినీళ్లు, ఒక పళ్లెం. పళ్లెంలో సున్నుండ, అరిసె, జంతికలు, పోకుండలు. వద్దంటే "మా ఇంట్లో తినరా ఏంటండీ" అంటారు. తింటే "ఏం తిన్నారండీ" అంటారు. మూడో ఇంటి దగ్గర నేను ఒక ఉపాయం కనిపెట్టాను. వెళ్లగానే మజ్జిగ అడిగేయాలి. మజ్జిగ తాగుతున్నవాళ్లని ఎవరూ మరీ బలవంతం చెయ్యరు. ఈ సూత్రం ఐదో ఇంట్లో బెడిసికొట్టింది, మజ్జిగతో పాటు గారెలు వచ్చాయి. ఇల్లు దాటే ముందు బొట్టు పెట్టి జాకెట్టు ముక్క. రోజు ముగిసేసరికి నా దగ్గర పద్నాలుగు ముక్కలు. ఒక్కటీ నా చీరలకి సరిపోదు. పిల్లల చేతుల్లో పెట్టడానికి వందనోట్లు చాలకపోతే అంబాజీపేటలో ఏటీఎం దగ్గరికి వెళ్లాం. అందులో డబ్బుల్లేవు. కొబ్బరిబొండాల బండి దగ్గర ఫోన్‌తో కట్టొచ్చు గానీ చుట్టాల పిల్లలకి క్యూఆర్ కోడ్ ఉండదు కదా. నోట్లు ఇంటి దగ్గరే మార్చుకుని బయల్దేరండి.

మా పెద్దోడికి పులస తినాలని. "పులసా? ఇప్పుడా!" అని మావయ్య పడీపడీ నవ్వాడు. వరదనీరు ఎర్రగా వచ్చినప్పుడే పులస ఎదురీదుతుందని, జులై నుంచి సెప్టెంబరు దాకా రావాలని చెప్పాడు. "అప్పుడు మీకు సెలవులుండవు, మాకు చేపలుంటాయి" అన్నాడు.

13న భోగి. నాలుగున్నరకే లేపేశారు. మంట చుట్టూ నిలబడితే ముందు కాలుతుంది, వెనక వణుకుతుంది. మా చిన్నది పిడకల దండ మంటలో వెయ్యడానికి ముందు దాన్ని మెళ్లో వేసుకుని ఫొటో దిగింది. సాయంత్రం భోగిపళ్లు పోశారు. రేగిపళ్లతో పాటు చిల్లర డబ్బులు పడతాయని తెలిశాక, ఎనిమిదేళ్లదాన్ని నాకెందుకని గొడవ చేసిన పిల్ల మళ్లీ పొయ్యమంది.

భోగిపళ్ల పేరంటం అయ్యాక వంటింట్లో కూర్చుని ఉన్నాం. అత్తయ్య మినప్పప్పు నానబోస్తూ, "ఎల్లుండి తీర్థానికి రెండింటికల్లా బయల్దేరిపోవాలి, లేకపోతే దారి దొరకదు" అంది. తీర్థమంటే అక్కడ జాతర. నేను మామూలుగా, "మాకు ఆ రాత్రి రాజమండ్రిలో బండి కదా అత్తయ్యా, మేం నాలుగింటికి కారెక్కాలి" అన్నాను.

వంటింట్లో ఎవరూ మాట్లాడలేదు.

"కనుమ నాడు ప్రయాణమేంటే అమ్మాయ్" అంది అత్తయ్య చివరికి. "కనుమ నాడు కాకి కూడా కదలదు. అందులోనూ జగ్గన్నతోట తీర్థం పెట్టుకుని."

అమ్మ వెంటనే, "పోనిద్దూ, వాళ్లకి ఆఫీసులు" అంది.

ఆ రాత్రి అమ్మ మాత్రలు వెతుకుతూ తన బ్యాగు తీశాను. అడుగున న్యూస్ పేపర్లో చుట్టిన ఉప్పాడ చీర ఉంది, మడత విప్పనిది. రేపు పండక్కి ఇదే కట్టుకుంటావా అని అడిగాను. "అది తీర్థానికని తెచ్చాను" అంది. అని, నాలిక్కరుచుకుంది. "టికెట్ పదిహేనుకి తీశానని తెలుసుగా నీకు?" "తెలుసు. చీర తెస్తే బరువేముందని." ఇంకొంచెం సేపటికి తనే చెప్పింది. వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య, ఏటా కనుమ నాడు తనని భుజాల మీద ఎక్కించుకుని తోటకి తీసుకెళ్లేవాడట. ఆయన తలపాగా రెండు చేతుల్తో పట్టుకుని, ఊళ్లవాళ్లు భుజాల మీద మోసుకొచ్చే ప్రభలు లెక్కపెట్టేదట. పదకొండు దాకా లెక్క నేర్చుకున్నది అలాగేనట. నలభై ఏడేళ్లుగా నాకు అమ్మగా ఉన్న మనిషి, ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. "నాలుగు నెల్లు ఎందుకు దాచావమ్మా" అంటే, "దొరకడమే గొప్ప అన్నావు కదా" అంది.

నాకు నిద్ర పట్టలేదు. కోపం, అమ్మ మీదో నా మీదో. 14 ఉదయం లేవగానే ఐదు టికెట్లూ క్యాన్సిల్ చేశాను. బండికి 48 గంటలకంటే తక్కువే ఉంది కాబట్టి అప్పటి లెక్కన 25 శాతం కోత, పదకొండొందల చిల్లర పోయింది. మా ఆయన ఆఫీసుకి ఫోన్ చెయ్యడానికి కొబ్బరితోటలోకి వెళ్లాడు, సిగ్నల్ అక్కడే వస్తుంది. ఏం చెప్పాడో తెలీదు, "జ్వరం వచ్చిందనుకో నాకు" అన్నాడు తిరిగొచ్చి. అదే మధ్యాహ్నం మా తమ్ముడి వరస ఒకతను ఆయన్ని కోళ్ల పందాలు "ఊరికే చూసొద్దాం" అని తీసుకెళ్లాడు. నిషేధం ఉందని అందరికీ తెలుసు, బరి ఎక్కడుందో కూడా అందరికీ తెలుసు. జ్వరం మనిషి మూడు గంటలు కనిపించలేదు. జేబులో ఎంత తగ్గిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కనుమ నాడు రెండింటికి బయల్దేరాం. కారు రెండు కిలోమీటర్ల ముందే ఆగిపోయింది. అక్కణ్నుంచి జనమే. ఆ తమ్ముడే అమ్మని బైకు మీద పక్కకి కూర్చోబెట్టుకుని గట్టు మీద నుంచి తీసుకెళ్లాడు. వెనకాల ఇంకో కుర్రాడు, బైకు మీదే, అమ్మ కూర్చోడానికి ఒక కుర్చీ నెత్తిన పెట్టుకుని వచ్చాడు. "రంధ్రం లేనిదే తెచ్చావా" అని మావయ్య అరిచి అడిగాడు.

జగ్గన్నతోట అంటే గుడి ఉంటుందనుకున్నాను. గుడి లేదు. మొసలపల్లి దగ్గర అదొక కొబ్బరితోట. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు ఏడాదికొకసారి ఈ కనుమ నాడు అక్కడ కలుసుకుంటారు. ఒక్కో ఊరు ఒక్కో ప్రభ కట్టుకొస్తుంది. వెదురుబద్దలతో పెద్ద చట్రం, దాని మీద రంగురంగుల బట్టలు, నూలు, పూలు, గంటలు. మనుషులు భుజాల మీద మోస్తారు. "అశ్శరభ శరభ" అని అరుపు లేచినప్పుడల్లా ప్రభ ఊగుతుంది, కింద ఉన్నవాళ్ల కాళ్లు వంగిపోతాయి. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు వేసిన చేలల్లోంచే నడుచుకుంటూ వచ్చేస్తారు. పక్కన నిలబడ్డ రైతుని, నాట్లు పాడవవా అని అడిగాను. "ఆయన తొక్కితే పాడవడమేంటండీ" అన్నాడు, నా ప్రశ్న అర్థం కానట్టు.

గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలవ దాటాలి. వంతెన మీద నుంచి కాదు, నీళ్లలోంచే. మేం ఆ గట్టు దగ్గరే ఉన్నాం. మోసేవాళ్లు అడుగు పెట్టారు. మోకాళ్లు, నడుము, ఛాతీ. మధ్యలో ఒకచోట ప్రభ ఒక పక్కకి వాలింది. గట్టు మీద వేలమంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. మా చిన్నది నా చెయ్యి పట్టుకున్న చోట గోళ్లు దిగాయి. మళ్లీ నిటారుగా లేచింది. సన్నాయి, డప్పులు, అరుపులు, అన్నీ కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు.

అమ్మ కుర్చీలో కూర్చోలేదు. మూడు గంటలు నిలబడే ఉంది, మావయ్య భుజం పట్టుకుని. వ్యాఘ్రేశ్వరం ప్రభ వచ్చినప్పుడు మిగతా ప్రభలన్నీ ఒకసారి పైకి లేపి మర్యాద చేస్తారు. అప్పుడు అమ్మ పెదాలు కదులుతున్నాయి. దండకం చదువుకుంటోందనుకుని దగ్గరికెళ్లాను. లెక్కపెడుతోంది.

ఆ రాత్రి రెండు మోకాళ్లూ వాచిపోయాయి. వేడినీళ్ల కాపడం, నొప్పి మాత్ర, మళ్లీ కాపడం. తన బీపీ మాత్రలు కూడా 15 దాకానే తెచ్చాను, తెల్లారి అమలాపురంలో కొన్నాం. మందులు రెండ్రోజులకి ఎక్కువే సర్దుకోండి.

16న పిల్లల్ని అంతర్వేది తీసుకెళ్లాం, అమ్మ ఇంట్లోనే ఉంది. దారిలో పి. గన్నవరం అక్విడక్టు దగ్గర కారు ఆపి పిల్లలకి చూపించాం. కింద వైనతేయ పాయ, పైన కాలవ. పాతది 1850ల్లో కట్టింది, పక్కనే కొత్తది. "నది మీద కాలవేంటి, ఎవరు పొరపాటు చేశారు" అంది మా చిన్నది. అంతర్వేదిలో దర్శనానికి రెండు గంటలు. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోట పిల్లలు ఇసుకలోంచి రామంటే రామన్నారు. ఇంటికొచ్చేసరికి ముక్కనుమ నాటుకోడి సిద్ధంగా ఉంది.

ఆ ఉదయం పదింటికి అంతర్వేది క్యూలో నిలబడే తత్కాల్ ప్రయత్నించాను. రెండు నిమిషాల్లో అయిపోయాయి. చివరికి 17 రాత్రికి రావులపాలెం నుంచి ప్రైవేటు బస్సు, మనిషికి 2,200. వెళ్లేటప్పుడు ఐదుగురికి రైలుకైన దానికి రెట్టింపు పైనే అయింది, ఒక్క తిరుగు ప్రయాణానికి. ఏడింటికి రావాల్సిన బస్సు తొమ్మిది దాటాక వచ్చింది. ఫోన్ చేస్తే "ఐదు నిమిషాలండీ" అని నాలుగుసార్లు చెప్పారు. అరటిగెలల లారీల పక్కన బ్యాగుల మీద కూర్చున్నాం. విజయవాడ దాటాక ఐదు గంటలు ఎక్కడా ఆపలేదు. అమ్మ భయపడి సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసిందని తర్వాత తెలిసింది. టోల్‌గేటు దగ్గర గంటన్నర. ఎల్బీనగర్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర, అమ్మ పాదాలు చెప్పుల్లో పట్టలేదు. కార్లు, బస్సు, బట్టలు, పెట్టుపోతలు అన్నీ కలిపి నలభై వేలు దాటింది.

బయల్దేరేటప్పుడు మావయ్య ఆ కోసిన కుర్చీని బస్సులో పెడతానని పట్టుబట్టాడు. ఇక్కడ మాకు అవసరం లేదని ఎంత చెప్పినా వినలేదు. "సరే, అటక మీద పెడతాను, పారెయ్యను" అని చివరికి అమ్మతో అన్నాడు.

ఇందాక అమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని, కొత్త క్యాలెండరు తెమ్మంది. ఇప్పుడు టికెట్లు 60 రోజుల ముందే ఇస్తున్నారంట కదా, నిజమేనా అని అడిగింది. నిజమే, నవంబరు నుంచి మార్చారని చెప్పాను. వచ్చే ఏడు కనుమ ఎప్పుడు అంది. ఫోన్‌లో చూసి, 2026 జనవరి 16 అన్నాను. క్యాలెండర్లో నవంబరు పేజీ తిప్పి, వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, పెన్సిల్ అడిగింది.